మూడు కాళ్ల కుక్కకు ఒక వాకిలి

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని పట్టుబట్టే మొండివాణ్ని చూసి ఊరంతా నవ్వుతుంది. నిజంగానే మూడు కాళ్లతో మిగిలిన కుక్క ఒకటి వీధిలోకి వస్తే నవ్వేవాళ్లు కొందరు, రాయి విసిరేవాళ్లు కొందరు, అయ్యో పాపం అని తలుపు వేసుకునేవాళ్లు మరెందరో. ‘ఆ రోజే చావనిచ్చి ఉంటే దానికీ సుఖం, మనకూ సుఖం’ అనే మాట రచ్చబండ దగ్గర వినిపించి తీరుతుంది. దయతో అన్నా ఆ మాట సరైంది కాదు. కాలు తీసేసిన కుక్క చాలావరకు సుఖంగానే బతుకుతుంది. దానికి కరువైంది కాలు కాదు, ఒక ఇల్లు.

అసలు ఈ కాళ్లు ఎలా పోతున్నాయన్నది ముందు చూడాలి. రోడ్డు మీద లారీలు, ఇసుక ట్రాక్టర్లు తొక్కినవి కొన్ని. అవి అందరికీ తెలిసినవే. అడవి అంచు ఊళ్లలో మరొకటి ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. వేరుశనగ కాయ పట్టే రోజుల్లో అడవి పందులు ఒక్క రాత్రిలో చేను తవ్విపోస్తాయి. అప్పు తెచ్చి విత్తనం వేసిన రైతు బాధ చిన్నది కాదు. ఆ బాధతో గట్టు మీద పాత బ్రేకు వైరుతో ఉచ్చు బిగిస్తారు. పంది కోసం పెట్టిన ఉచ్చులో యజమాని వెంట చేనుకు వెళ్లిన కుక్క కాలు పడుతుంది. అది గుంజుకునే కొద్దీ వైరు బిగుస్తుంది. తెగిన వైరును కాలికి తగిలించుకుని రెండు మూడు రోజుల తర్వాత ఊళ్లోకి వస్తే, అప్పటికే కింద కాలు చల్లబడి, నల్లబడి, వాసన వేస్తూ ఉంటుంది. రక్తం అందని కాలు అది. ఏ మందు పూసినా మళ్లీ ప్రాణం పోసుకోదు.

ఆ సమయంలో ఊళ్లో జరిగే వైద్యం గాయం కంటే ప్రమాదం. పురుగు పట్టిందని కిరోసిన్ పోస్తారు. ఇంకొందరు చేనుకు తెచ్చిన గుళికల మందు చల్లుతారు. కుక్క తన పుండును తానే నాకుతుందన్న సంగతి వాళ్లకు గుర్తుండదు. పురుగు చస్తుంది, కుక్కా చస్తుంది. నొప్పికని ఇంట్లో ఉన్న మాత్ర మింగించడం మరో అలవాటు. మనుషులు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2006లోనే నిషేధించింది. ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిని రాబందులు దాదాపు కనిపించకుండా పోవడమే అందుకు కారణం. అయినా ఆ మాత్ర మన ఇళ్లలో దొరుకుతూనే ఉంటుంది, పశువు మూలిగితే చెయ్యి దాని మీదికే పోతుంది.

చేయవలసింది కొంచెమే. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. మాంసంలోకి దిగిన వైరును లాగకూడదు, దాన్ని పశువైద్యుడే తీయాలి. నొప్పితో ఉన్న కుక్క పెంచిన చేతినీ కరుస్తుంది కాబట్టి, ఊపిరికి ఇబ్బంది లేకుండా మెత్తటి గుడ్డతో మూతి కట్టి, గోనె మీద పడుకోబెట్టి మోసుకెళ్లాలి. చొంగ కారుస్తూ, తూలుతూ, ఎదురొచ్చినదాన్నల్లా కరవబోయే కుక్కనైతే తాకనే కూడదు. పశువైద్యుడికి కబురు పెట్టాలి. రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు 2022లో వచ్చాయి, 1962 నంబరుకు ఫోన్ చేస్తే పలుకుతారు. కుక్క కోసం వస్తారా రారా అని అరుగు మీద వాదించుకునే కంటే ఫోన్ చేసి అడగడం మేలు. కాలు తీసే ఆపరేషన్ మాత్రం బండిలో అయ్యేది కాదు, పెద్ద పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. చుట్టుపక్కల ఊళ్లవారికి అది కొండంత అండ.

ఆపరేషన్ అయ్యాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. చెడింది పాదం దగ్గరైతే తొడ దాకా ఎందుకు కోశారు? డాక్టరు తొందరపడ్డాడని నిందించేవాళ్లూ ఉన్నారు. సగం కాలు మిగిలితే కుక్క దాన్ని నేలకు ఆనించబోతుంది. ఆ మొండి రాయికి, ముల్లుకు ఒరుసుకుని మానని పుండవుతుంది. అందుకే వెనక కాలైతే తొడ నడుమ నుంచో తుంటి నుంచో, ముందు కాలైతే భుజం దగ్గరి నుంచో తీసేయడం పద్ధతి. కట్టెకాలు పెట్టించవచ్చు కదా అని జైపూర్ కాలు సంగతి విన్నవాళ్లు అంటారు. పూర్తిగా తీసేసిన చోట తగిలించడానికి ఏమీ ఉండదు, చాలా కుక్కలకు దాని అవసరమూ ఉండదు.

కుక్క ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. కాబట్టి వెనక కాలు పోయినది త్వరగా తేరుకుంటుంది, ముందు కాలు పోయినది కొంచెం ఆలస్యంగా. ఏదైనా సరే, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే చాలా కుక్కలు లేచి నిలబడతాయి. చూసేవాళ్లకు అది వింత. మనిషికి కాలు పోతే, పోయినదాన్ని తలచుకుని కుమిలిపోతాడు. కుక్కకు అంతటి తలపోత ఉన్నట్టు కనిపించదు. ముద్ద ఎటు ఉందో అటు గెంతుతుంది. నాలుగైదు సార్లు తూలి పడ్డాక, ఎక్కడ ఒంగాలో దానికే తెలిసిపోతుంది.

కష్టమంతా మొదటి రెండు వారాలదే. మత్తు దిగిన రాత్రి అది మూలుగుతుంది, భయపడి పరుగులు పెట్టనక్కరలేదు. మూత్రం పోస్తోందా, నీళ్లు తాగుతోందా అన్నది చూసుకోవాలి. కుట్లు నాకకుండా మెడకు అడ్డుపట్టీ కట్టాలి. కొనలేనివాళ్లు పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచులకు గుడ్డ చుట్టి డాక్టరుకు చూపించి వాడుకోవచ్చు. కుట్ల చుట్టూ కమిలినట్టు ఉండడం మామూలే. చీము, దుర్వాసన, వేడి కనిపిస్తే మాత్రం ఆగకూడదు. పది నుంచి పద్నాలుగు రోజులకు కుట్లు విప్పుతారు. అందాకా స్నానం లేదు, పరుగు లేదు.

నేల సంగతి ఎవరూ ముందుగా తలచుకోరు. ఇప్పుడు పల్లెల్లోనూ ఇళ్లకు నున్నటి బండలు, టైల్స్ వచ్చాయి. నాలుగు కాళ్ల కుక్కే జారే నేల అది. ఒకసారి బోర్లా పడ్డ కుక్క మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టదు. అది బద్ధకం కాదు, భయం. అది తిరిగే దారి పొడవునా గోనె పట్టాలు పరిస్తే చాలు. పేడతో అలికిన మట్టి వాకిలి ఉన్న ఇల్లు దీనికి మేడకంటే మేలు. వెనక కాలు పోయినదాన్ని మెట్లెక్కించేటప్పుడు పాత తువాలు పొట్ట కింద ఉయ్యాలలా పట్టి కొంచెం ఎత్తితే దానికి ధైర్యం వస్తుంది.

తిండి విషయంలో జాలి పనికిరాదు. కాలు పోయిందని ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్ద వేస్తే మూడు నెలల్లో పీపాలా తయారవుతుంది. నాలుగు కాళ్లు మోసే బరువు మూడే మోయాలి. కీళ్లు అరిగేది అప్పుడే. పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేతికి మాత్రం తగులుతూ ఉంటే అది సరైన ఒళ్లు. గోళ్లు పెరగనివ్వకూడదు. గుత్తి ఎముకలు, ఉడికిన కోడి ఎముకలు పెట్టకూడదు.

ఇక అసలు చిక్కు. ఈ కుక్క ఎవరిది? మన ఊళ్లలో సగం కుక్కలు ఊరివి. బడి పిల్లలు మధ్యాహ్నం మిగిలిన అన్నం వేస్తారు, హోటలు అతను ఇడ్లీ ముక్క వేస్తాడు, రాత్రికి బస్టాండులో పడుకుంటుంది. నాలుగు కాళ్లున్నంతకాలం ఆ బతుకు వెళ్లిపోతుంది. కాలు పోయాక వెళ్లదు. పక్క వీధి కుక్కల గుంపు మొదట మీద పడేది దాని మీదే. లారీ వస్తే తప్పుకునే చురుకు తగ్గుతుంది. ఊరంతా పెంచే కుక్కకు ముద్ద దొరకవచ్చు కాని రాత్రిపూట గేటు వేసేవాళ్లు దొరకరు. పైగా 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధి కుక్కలను తొలగించాలని, వాటిని తిరిగి అక్కడ వదలకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి బడి వరండాలో ఉంచి పిల్లల చేత అన్నం పెట్టిద్దాంలే అన్న ఉపాయం ఇక చెల్లదు. ఎవరో ఒకరు దాన్ని తమదిగా చేసుకుని తమ వాకిట్లోకి తెచ్చుకోవాలి.

తెచ్చుకున్నవారు మొదటి వారం దాని నుంచి విశ్వాసం, కాపలా ఆశించకూడదు. మంచం కిందో, గడ్డివాము వెనకో దాక్కుంటుంది. దాక్కోనివ్వాలి. ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే చోట అన్నం పెట్టాలి. వీధి పిల్లలంతా మూడు కాళ్ల కుక్కను చూడడానికి గుంపుగా వస్తారు, వాళ్లను మందలించడం పెద్దల పని. కాలు పోయిన పక్క నుంచి హఠాత్తుగా చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కరవవచ్చు. అది దాని పొగరు కాదు. ఒక నెలకో రెండు నెలలకో అది తనంతట తాను వచ్చి గడప దగ్గర పడుకుంటుంది. అప్పటికి అది ఇంటిదయినట్టు.

కుక్కలంటే భయపడేవాళ్లను తప్పుపట్టడానికి లేదు. పిల్లలను కరిచిన కుక్కలున్నాయి, రేబిస్ వస్తే మనిషి దక్కడం దాదాపు ఉండదు. భయానికి మందు టీకాయే. ఇంటికి తెచ్చిన కుక్కకు రేబిస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ చేయించాలి. ఎవరినైనా కరిస్తే కారం, సున్నం పూయకుండా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ చర్మానికి వేసే టీకా ఆ రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. ఒక్కటి కూడా మానకూడదు. ఈ జాగ్రత్తలు పాటించే ఇంట్లోని మూడు కాళ్ల కుక్క కంటే, ఎవరిదో తెలియని నాలుగు కాళ్ల కుక్క ఊరికి ఎక్కువ ప్రమాదం.

భారతం చదివినవాళ్లు కుక్కను మరీ అంత చులకన చేయలేరు. ఆది పర్వం మొదట్లోనే సరమ అనే దేవతల కుక్క, తప్పు చేయని తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని రాజు దగ్గరికే వెళ్లి నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. పురాణ కాలక్షేపంలో ఈ రెండు ఘట్టాలకూ తలలూపే ఊరే, మర్నాడు కుంటి కుక్కను బస్టాండు నుంచి తరమడానికి కర్ర వెతుకుతుంది.

ఉచ్చుల విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఉచ్చు వేయడం వేట కిందికే వస్తుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద జంతువును కావాలని చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. కేసులు పెట్టినంత మాత్రాన ఉచ్చులు ఆగుతాయనుకోవడం అమాయకత్వం. పందుల వల్ల పోయిన పంటకు నష్టపరిహారం ఆలస్యం లేకుండా అందితే రైతు బ్రేకు వైరు జోలికి పోడు. అటవీ శాఖ, పంచాయతీ కలిసి పంట రోజుల్లో గట్లు తనిఖీ చేసి, కనిపించిన ఉచ్చులను విప్పించడం ఈ సీజనుకే మొదలుపెట్టదగిన పని.

ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. దానికి ముందే గ్రామసభలో ఊళ్లోని కుక్కల లెక్క తీసి, కాలు పోయినవి, కన్ను పోయినవి ఎవరి వాకిట్లో ఉంటాయో అడిగి ఆ ఇంటి పేరు పంచాయతీ పుస్తకంలో రాసుకోవాలి. టీకాల రోజున గొలుసు పట్టుకుని వరుసలో నిలబడే మనిషి దానికీ ఒకరు ఉండాలి.