మాత్ర మారినా మానకండి



హైదరాబాదులోని కృష్ణానగర్ అంటే సినిమావాళ్ల పేట. తెల్లవారేసరికే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్‌వారు, కుట్టుపనివారు షూటింగ్ వ్యానుల కోసం రోడ్డుమీద నిలబడి ఉంటారు. వారిలో చాలామంది పల్లెలనుండి వచ్చినవారే. అలా వచ్చిన ఒక సహోదరి ఇంటికి ఆ మధ్య మేమిద్దరం వెళ్లాము. ఒక్కటే అద్దె గది, మూలన కుట్టుమిషను. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆయన ద్వారా సోకిన హెచ్.ఐ.వి.కి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రంలో ఉచితంగా మందు తీసుకుంటూ, ఇద్దరు బిడ్డలను చదివించుకుంటోంది.

ప్రార్థన ముగిశాక నెమ్మదిగా చెప్పింది. "అయ్యగారూ, అమ్మగారూ, నాకు మాత్ర మార్చారు. మొదట నిద్ర పట్టలేదు, ఒకటే తలనొప్పి. అది తగ్గిందనుకుంటే ఒళ్లు రావడం మొదలైంది. జాకెట్లన్నీ విప్పి కుట్టుకున్నాను. షుగరు వస్తుందని ఎవరో భయపెట్టారు. ఇరవై రోజులైంది మానేసి" అంది. డాక్టరుగారికి చెప్పావా అమ్మా అంటే తల అడ్డంగా ఊపింది. ఈ ఇరవై రోజుల సంగతే ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నాము.

మందు ఎందుకు మారుస్తారు? మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాటి మందులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి గాని, బాధలు కూడా పెట్టాయి. స్టావుడిన్ వల్ల పాదాలు మండేవి, తిమ్మిరెక్కేవి. బుగ్గలలోని కొవ్వు కరిగి ముఖం పీక్కుపోయేది. ఆ ముఖం చూసి ఊళ్లో గుసగుసలాడేవారు. జిడోవుడిన్ కొందరికి రక్తం తగ్గించేది. నెవిరపిన్ దద్దుర్లు తెచ్చేది, కాలేయాన్ని దెబ్బతీసేది. స్టావుడిన్‌ను క్రమంగా మానుకోవాలని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తరువాత ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర వాడుకలోకి వచ్చింది. దానితో తలతిరుగుడు, పీడకలలు. అందుకే పడుకునేముందు వేసుకోమనేవారు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డోలుటెగ్రావిర్‌ను మొదటి వరుస మందుగా సిఫారసు చేసింది. 2020 నుండి మన కేంద్రాలలోనూ దానికి మార్చసాగారు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపి రోజుకు ఒకటే మాత్ర. ఇది వైరస్‌ను త్వరగా తగ్గిస్తుంది. వైరస్ దీనికి అంత సులువుగా అలవాటుపడదు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న హెటెరో, అరబిందో వంటి కంపెనీలు ఈ మందులను ఆఫ్రికా దేశాలకు కూడా పంపుతున్నాయి.

అయితే ఏ మందూ బాధ లేకుండా రాదు. కొత్త మాత్రతో కొందరికి నిద్రలేమి, తలనొప్పి, వికారం కలుగుతాయి. ఇవి చాలామందికి కొద్ది వారాలలో సర్దుకుంటాయి. నిద్ర పట్టనివారు డాక్టరుగారిని అడిగి ఉదయం పూట వేసుకోవచ్చు. బరువు పెరగడం కూడా నిజమే. దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక పరిశీలన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. డోలుటెగ్రావిర్ వాడినవారిలో బరువు ఎక్కువగా పెరిగిందనీ, అది స్త్రీలలో మరీ ఎక్కువనీ తేలింది. కాబట్టి ఆ సహోదరి ఊహించుకున్నది కాదు. నడక, మితమైన అన్నం సాయపడతాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి.

మరో సంగతి. రక్తం పట్టడానికి వేసుకునే ఐరన్, క్యాల్షియం మాత్రలు, కడుపు మంటకు తాగే యాంటాసిడ్ ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. వాటికి రెండు గంటల ముందుగానో, ఆరు గంటల తరువాతనో దీనిని వేసుకోవాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడేవారు తప్పక చెప్పాలి. వారికి మోతాదులు మార్చవలసి రావచ్చు. జ్వరంతో దద్దుర్లు, నోటిలో పుండ్లు, కళ్లు పచ్చబడడం, మనసు బాగా కుంగిపోవడం కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మానేస్తే ఏమవుతుంది? అణగి ఉన్న వైరస్ మళ్లీ పెరుగుతుంది. మానుతూ, వేసుకుంటూ ఉంటే మందుకు లొంగకుండా పోవచ్చు. హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. క్రమంగా వేసుకుని, పరీక్షలో వైరస్ కనబడని స్థాయిలో నిలుపుకున్నవారి నుండి మాత్రం జీవిత భాగస్వామికి కలయిక ద్వారా ఇది సోకదు.

ఆమె డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు? "మందు మార్చమని గొణుగుతున్నాననుకుంటారేమోనని" అంది. మరి సంఘంలో ఎందుకు చెప్పలేదు? దానికి ఆమె జవాబు చెప్పలేదు. మేమూ మళ్లీ అడగలేకపోయాము. ప్రార్థించాం కదా, ఇక మందెందుకు అనేవారు మనలో ఉన్నారు. సువార్త రాసిన లూకా వైద్యుడని వారు మరచిపోకూడదు. ఒకరి జబ్బు సంగతిని ప్రార్థన అంశమనే పేరుతో నలుగురిలో చెప్పేవారూ ఉన్నారు. ఒకరి హెచ్.ఐ.వి. సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. చట్టం చెప్పేదాకా మనం నేర్చుకోకపోవడం సిగ్గుచేటు.

మరునాడు మాలో ఒకరం ఆమెతో కేంద్రానికి వెళ్లాము. డాక్టరుగారు కోపపడలేదు. అన్నీ విని, పరీక్షలు రాసి, మాత్ర మళ్లీ మొదలుపెట్టించారు. ఉదయం వేసుకోమన్నారు. తిరిగి వస్తూ ఆమె, "ఇంతేనా, ముందే అడిగి ఉంటే బాగుండేది" అంది.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటివారు ఉండవచ్చు. బాధ ఉంటే డాక్టరుగారికి చెప్పమనండి, మాత్ర మాత్రం మానవద్దనండి. అడగడానికి 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. వెళ్లడానికి భయపడేవారికి తోడుగా వెళ్లండి. వెళ్లివచ్చిన సంగతి మీలోనే ఉంచుకోండి.