ప్రాడక్ట్ మేనేజర్ ఉద్యోగం: రేపటి మాట

ఇంజనీరింగ్ చదివేవారిలోనే గాక, బి.కాం., బి.ఏ. తరగతుల విద్యార్థులలో సైతం ‘ప్రాడక్ట్ మేనేజర్’ ఉద్యోగంపై మక్కువ పెరుగుతున్నది. మంచి జీతం, మేనేజరన్న గౌరవం, ప్రోగ్రాములు వ్రాయనక్కరలేదన్న నమ్మకం ఇందుకు కారణాలు. కాని 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన నాటి నుండి ఈ వృత్తి నిలుస్తుందా అన్న శంక కూడా బయలుదేరింది. అప్పు చేసి కోర్సులలో చేరబోయే ముందే ఈ శంకను విచారించుకొనడం మంచిది.

ఈ వృత్తి కంప్యూటరుతో పుట్టినది కాదు. 1931లో అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో కామే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకెల్‌రాయ్ అనే యువ ఉద్యోగి, ఒక్కొక్క సరుకు మంచిచెడ్డలకు పూర్తి బాధ్యత వహించే మనుషులు ఉండాలని పైవారికి లేఖ వ్రాశాడు. సబ్బు నాటి ఆ ఆలోచనే తరువాత సాఫ్ట్‌వేరుకు సంక్రమించింది. ఏ వస్తువు, ఎవరి కొరకు, ఎందుకు అన్నది నిర్ణయించి, తన అధికారం క్రింద లేని ఇంజనీర్లను సైతం ఒప్పించి పని నడిపించడమే దీని సారం.

అయితే ఈ ఉద్యోగంలో గుమాస్తా పని కూడా చాలా ఉన్నది. సమావేశాల సారాంశాలు, ఫిర్యాదుల వర్గీకరణ, నివేదికలు కృత్రిమ మేధ నేడు క్షణాలలో సిద్ధం చేస్తున్నది. తయారీ సులువైనకొద్దీ ఏది తయారు చేయాలన్న నిర్ణయానికే విలువ పెరుగుతుందని కొందరంటారు. అది నిజమే. కాని ఆ నిర్ణయం అనుభవజ్ఞుల చేతికే పోతుంది. కొత్తవారు పని నేర్చుకున్నది ఆ గుమాస్తా పనిలోనే. కనుక వృత్తి నశించదు గాని, దాని తొలి ద్వారం ఇరుకవుతుందని నా అభిప్రాయం.

నిలిచేది ఏది? యూపీఐ 2016లో వచ్చింది. దుకాణదారుకు రద్దీలో ఫోను చూసే తీరిక ఉండదు. డబ్బు చేరినట్లు దొంగ చిత్రాన్ని చూపి పోయేవారూ ఉంటారు. జమ అయిన మొత్తాన్ని తెలుగులోనే పైకి పలికే చిన్న పెట్టె ఆ చిక్కును తీర్చింది. దుకాణం ముందు నిలిచి చూసిన కంటికే ఇటువంటి అవసరం గోచరిస్తుంది. నిర్ణయం తప్పితే జవాబు చెప్పవలసినదీ మనిషే, యంత్రం కాదు.

సుందర్ పిచాయ్ 2004లో గూగుల్‌లో చేరినది ప్రాడక్ట్ మేనేజరుగానే. ఆయన మొదట చదివినది లోహశాస్త్రం. అందుచేత విద్యార్థులారా, ముందు ఒక విద్యలో గట్టి పునాది వేసుకోండి. అది లెక్కలు కావచ్చు, ప్రోగ్రామింగ్ కావచ్చు, అమ్మకం కావచ్చు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే మీకు మూడు రకాల జనుల కష్టసుఖాలు వినగల చెవులున్నాయి. అది సర్టిఫికెట్టు ఇవ్వలేని సంపద.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. కొత్త కోర్సు నెలకొల్పే ముందు, కామర్స్, కంప్యూటర్ శాఖల విద్యార్థులను జట్లుగా చేసి, సమీపంలోని దుకాణానికో, ఆసుపత్రి చీటీల వరుసకో పంపండి. ఒక్క ఇబ్బందిని గుర్తించి, పరిష్కారం తయారుచేసి, దానిని వాడినవారి మాట విని రమ్మనండి. ఖర్చు స్వల్పం. ఆ జట్లలో పనిచేసిన వారికి ఉద్యోగం పేరు రేపు ఏదిగా మారినా, పని మాత్రం దొరుకుతుంది.