అన్‌ఫిట్ అంటే ఏ పనికి? అడగాల్సింది మనమే

మార్కులు తక్కువొస్తే మళ్లీ రాద్దాం అనుకుంటాం. కుల ధ్రువీకరణకు కొర్రీ పెడితే ఐటీడీఏ ముందు ధర్నాకు కూర్చుంటాం. కానీ రాత పరీక్ష దాటి, సర్టిఫికెట్ల పరిశీలన దాటి, చివర్లో డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తే మాత్రం ఎవరికీ చెప్పుకోం. లోపం నా ఒంట్లోనే ఉంది కదా అని తల దించుకుని గూడేనికి వచ్చేస్తాం. ఈ తల దించుకోవడం ఆగాలి.

అన్‌ఫిట్ అనేది ఒక వైద్య అభిప్రాయం మాత్రమే. దాన్ని ప్రశ్నించొచ్చు, మళ్లీ పరీక్ష చేయమనొచ్చు, హైకోర్టులో సవాలు చేయొచ్చు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, మన రక్తం ఇప్పుడు ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కుతోంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్ష మంచిదే, అందరూ చేయించుకోండి. కానీ వైద్యం కోసం ఇచ్చిన కార్డు రేపు ఉద్యోగం ఎగ్గొట్టే కాగితం కాకూడదు. అలా జరిగితే మనవాళ్లు సూదికి చెయ్యి చాపడమే మానేస్తారు.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు సికిల్ జన్యువులూ వస్తే అది వ్యాధి. ఒక్కటే వస్తే ఆ మనిషి వాహకుడు. వాహకుడు రోగి కాదు. పోడు చేస్తాడు, గుట్టలెక్కుతాడు, బరువులు మోస్తాడు. మండుటెండలో మితిమీరిన శ్రమ పడినప్పుడు అరుదుగా ఇబ్బంది రావచ్చు. దానికి నీళ్లు, విశ్రాంతి ఇవ్వాలి గానీ ఉద్యోగం పీకేయడం మందు కాదు.

ఈ తేడా చూడకపోతే ఏమవుతుందో అమెరికా నల్లజాతి ప్రజలకు తెలుసు. 1970లలో అక్కడ వాహకులనూ రోగులనూ ఒకే గాటన కట్టి ఉద్యోగాలు, బీమా నిరాకరించారు. వాహకులకు ఎయిర్ ఫోర్స్ అకాడమీ తలుపులు మూసేశారు. కోర్టుకెక్కి కొట్లాడాక, 1981లో ఆ నిషేధం పోయింది.

మరి వ్యాధి ఉన్నవాళ్ల సంగతి? 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి ఒకటి. ఉద్యోగాల్లో వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదని ఆ చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు చెబుతోంది. పని చేసుకునేలా తగిన ఏర్పాట్లు కూడా చేయాలంటోంది. కానీ ఇందులోనే ఒక మెలిక ఉంది. 4 శాతం ఉద్యోగ రిజర్వేషన్ ఇచ్చే 34వ సెక్షన్ జాబితాలో రక్త వ్యాధులు లేవు. వైకల్యమని ఒప్పుకుంటారు, వాటా మాత్రం ఇవ్వరు. ఈ సెక్షన్ సవరణ మన ఉద్యమ డిమాండ్ కావాలి.

కోర్టులు ఏమన్నాయో చూడండి. హెచ్‌ఐవీ ఉందని ఒక ప్రభుత్వ రంగ సంస్థ క్యాజువల్ కార్మికుడిని తప్పిస్తే, 1997లో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. పని చేయగలిగినవాడిని, పక్కవాళ్లకు ప్రమాదం లేనివాడిని జబ్బు పేరు చెప్పి పంపడం కుదరదంది. రంగులు గుర్తించే లోపం ఉందని తమిళనాడు విద్యుత్ సంస్థ అసిస్టెంట్ ఇంజనీర్‌గా ఎంపికైన యువకుణ్ని వద్దంటే, 2023లో సుప్రీంకోర్టు అతన్ని తీసుకోమంది. అదే లోపంతో మన ఆర్టీసీ ఇంటికి పంపిన డ్రైవర్‌కు 8 వారాల్లో తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో ఆదేశించింది. మూడు చోట్లా అసలు ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి ఏ పని చేయలేడు, ఏ పని చేయగలడు?

అలాగని ప్రతి కేసూ గెలుస్తామని ఆశపెట్టడం లేదు. సికిల్ వ్యాధి ఉన్నవాళ్లకు భూగర్భ గని పని నిజంగానే ప్రాణం మీదికి తేవచ్చు. కేంద్ర సాయుధ బలగాల పోరాట ఉద్యోగాలను 2021లో కేంద్రం 2016 చట్టం నుంచి మినహాయించుకుంది. జడ్జి స్టెతస్కోపు పట్టుకోడు, మామూలుగా వైద్యుల మాటకే విలువిస్తాడు. అందుకే సానుభూతి అడగొద్దు, ఆధారం చూపించాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. నోటిమాటగా అన్‌ఫిట్ అంటే కదలొద్దు, కారణం రాసిన కాగితం అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దాని జవాబు కోసం చూస్తూ రివ్యూ మెడికల్ గడువు మాత్రం దాటనివ్వొద్దు. ఆ గడువు చాలాసార్లు కొద్ది రోజులే ఉంటుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సంబంధిత నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకుని, ఆ ఉద్యోగం పని చేయగలరో లేదో రాయించుకోండి. అక్కడా న్యాయం జరగకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయండి. స్వతంత్ర మెడికల్ బోర్డుతో మళ్లీ పరీక్ష, అప్పటిదాకా ఒక పోస్టు ఖాళీగా ఉంచడం, ఈ రెండూ అడగాలి. ఆలస్యం చేస్తే పోస్టు నిండిపోతుంది, కేసు మిగులుతుంది.

లాయరు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి అంటారా? 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

సంఘాలకూ ఒక మాట. కుల ధ్రువీకరణ కోసం కూర్చున్నట్టే మెడికల్‌లో ఆగిపోయిన పిల్లల కోసమూ కూర్చోవాలి. ప్రతి ఐటీడీఏలో ఇలాంటి కేసులు చూసే ఒక మనిషి, హైకోర్టు దాకా తోడెళ్లే ఒక మనిషి కావాలి. నోటిఫికేషన్‌లోనే ఏ లోపం ఏ పనికి ఎందుకు అడ్డమో రాయాలని గట్టిగా అడగాలి.

మన రక్తంలో ఏముందో చెప్పే హక్కు డాక్టరుకుంది. ఆ రక్తంతో బతికే మనిషి ఏ పనికీ పనికిరాడని కారణం చెప్పకుండా రాసే హక్కు ఎవరికీ లేదు.

జై ఆదివాసీ!