మార్చేశాక ఏం మిగిలింది?

'ఇంకా పాతదేముందండీ అందులో? మా నాన్నగారి హయాంలోనే సగం మార్పించేశాం!' మండువా లోగిలి పడగొట్టేముందు చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది.

హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్‌ని చూడండి. నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టించుకున్న ప్యాలెస్ అది. తర్వాత అందులోకి సర్కారీ ఆఫీసులొచ్చాయి. అయినా వారసత్వ కట్టడాల జాబితాకెక్కింది. 2019లో దాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలని ప్రభుత్వం నిర్ణయిస్తే, ఆ సెప్టెంబరులోనే హైకోర్టు కొట్టేసింది. అంచేత మన ఇంట్లోనూ ఏది మారింది, ఏది మిగిలింది అన్నది విడివిడిగా చూడాలి.

వంటింట్లో గ్రానైటు, కొత్త బాత్‌రూమ్, గోడలమీది వైర్లు... ఇవన్నీ రేపు తీసేయొచ్చు. మండువా మీద స్లాబు పోసి, కింది స్తంభాలూ దూలాలూ అమ్మేసుకుంటే మాత్రం కష్టం. వెలుగూ గాలీ వానా దిగే చోటే పోయిందాయె! స్లాబు పడినా స్తంభాలు నిలిచి ఉంటే ఆశ ఉన్నట్టే. ఇక, పెంకులు దించి తాతగారు వేయించిన మద్రాసు టెర్రస్‌ని 'తర్వాతి మార్పే కదా' అని తీసిపారేయకండి. దాని వయసెంతో లెక్కేయండి. అదీ ఇంటి చరిత్రే.

గోడలు రాలుతున్నాయా? తొందరపడొద్దు. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు. పెచ్చులూడుతుంటే గోడే పుచ్చిందనుకుంటాం. సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలిచి, ఒకచోట ఆ పూత గీకించి చూడండి. లోపలి ఇటుకలు గట్టిగా ఉంటే, బిల్డరుకు మాటిచ్చేముందు అన్నదమ్ములంతా మరోసారి కూర్చోవచ్చు.