అయినవాళ్ల మధ్యే మాస్కు మరవొద్దు

‘డాక్టర్‌ గారూ, రెండు డోసులూ అయిపోయాయి కదా! ఇంకా ఈ మాస్కు ఎందుకండీ?’

2021 ఆగస్టులో మా ఓపీలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఇదే. ‘అమెరికాలో మా అబ్బాయి వాళ్లు ఎప్పుడో తీసేశారట’ అనే మాట కూడా దీని వెంటే వచ్చేది. అడిగేవారిని తప్పు పట్టలేం. అప్పటికి ఏడాదిన్నరగా ముక్కూ మూతీ కప్పుకుని తిరుగుతూ ఉన్నాం. రెండో ఉద్ధృతి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16న బడులు తెరిచారు. శ్రావణమాసం పెళ్లిళ్లు జోరుగా సాగాయి. వినాయక చవితి దగ్గర పడింది. టీకా వేయించుకున్నాక కూడా ఇలాగే బతకాలా అనిపించడం సహజమే.

నా సమాధానం ఒకటే. భయపడొద్దు, కానీ మాస్కు తీయొద్దు. ముఖ్యంగా మీరు ఇప్పుడు ఎక్కడైతే నిశ్చింతగా తీసేస్తున్నారో అక్కడ అసలు తీయొద్దు. ఇది పుస్తకం చదివి చెబుతున్న మాట కాదు. నేను చేసిన తప్పు నేర్పిన మాట.

వార్డులో జాగ్రత్త, భోజనం దగ్గర నిర్లక్ష్యం

ఆరోగ్య సిబ్బందికి టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. మార్చికల్లా నాకు రెండు డోసులూ పూర్తయ్యాయి. ఏప్రిల్‌లో రెండో ఉద్ధృతి విరుచుకుపడింది. కొవిడ్‌ వార్డులో పీపీఈ కిట్టు, ఎన్‌95 మాస్కుతో ఆరేసి గంటలు పనిచేసేవాణ్ని. ముక్కు మీద మచ్చ పడేంతగా మాస్కు బిగించుకునేవాణ్ని. రోగుల దగ్గర ఒక్క క్షణం కూడా తీసింది లేదు.

డ్యూటీ మధ్యలో డాక్టర్ల గదికి వచ్చేవాళ్లం. చిన్న గది. కిటికీ మూసి, ఏసీ వేసి ఉండేది. మేం ఐదుగురం. అందరం రెండు డోసులు వేయించుకున్నవాళ్లమే. ‘హమ్మయ్య’ అనుకుంటూ మాస్కులు తీసేసి, క్యారియర్లు విప్పి, ఒకరి కూర ఒకరికి వడ్డించుకునేవాళ్లం. తిన్నాక కూడా అరగంట కబుర్లే. ఒకే వారంలో మా ఐదుగురిలో ముగ్గురికి పాజిటివ్‌ వచ్చింది. వారిలో నేనొకణ్ని.

నాకు వచ్చింది రెండు రోజుల గొంతునొప్పి, కాస్త ఒళ్లునొప్పులు. అంతే. ఏసీ పడలేదేమో అనుకున్నాను. పరీక్ష చేయించుకునేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులూ ఇంట్లో అమ్మ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. ఆమెకు 68 ఏళ్లు. మధుమేహం ఉంది. ఆమెకు టీకా మార్చిలోనే వేయించొచ్చు. ‘నాకు సెలవు దొరికినప్పుడు తీసుకెళ్తాలే’ అని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. దాంతో అప్పటికి మొదటి డోసు వేసి పది రోజులే అయింది. వారం తిరిగేసరికి అమ్మ ఆక్సిజన్‌ శాతం 88కి పడిపోయింది. నేను పనిచేసే వార్డులోనే తొమ్మిది రోజులు ఆక్సిజన్‌ మీద ఉంది. మా సిస్టర్లు కంటికి రెప్పలా చూసుకున్నారు. ఇంటికి తిరిగొచ్చింది. ఆ నెలలో ఎన్నో ఇళ్లకు అమ్మలు తిరిగి రాలేదు.

వైరస్‌ నాకు ఆ గదిలోనే అంటిందని రుజువు చేయలేను. కానీ ఇంటి బయట, నలుగురి మధ్య నేను మాస్కు తీసిన చోటు అదొక్కటే. టీకా తన పని తాను చేసింది, నన్ను కాపాడింది. నా నుంచి అమ్మను కాపాడాల్సింది మాత్రం నేను.

టీకా పని వేరు, మాస్కు పని వేరు

చేతికి వేసే టీకాతో రక్తంలో యాంటీబాడీలు, వైరస్‌తో పోరాడే కణాలు తయారవుతాయి. వైరస్‌ ఊపిరితిత్తుల్లోకి దిగి విజృంభించకుండా ఇవి బలంగా అడ్డుకుంటాయి. టీకా తీసుకున్నవారిలో చాలామందికి జబ్బు ముదరకపోవడానికి కారణం ఇదే. అయితే ముక్కు, గొంతు లోపలి పొరల్లో ఈ రక్షణ అంత గట్టిగా ఉండదు. వైరస్‌ అక్కడ కొద్దిరోజులు తిష్ఠ వేయొచ్చు. ఆ రోజుల్లో మన మాటతో, దగ్గుతో, తుమ్ముతో బయటకు రావొచ్చు. మనకు జ్వరం కూడా ఉండకపోవచ్చు.

అమెరికా సంగతి కూడా ఇదే చెబుతోంది. టీకా పూర్తయినవారు చాలాచోట్ల మాస్కు తీసేయొచ్చని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 మే 13న ప్రకటించింది. జులై 27న ఆ మాట సవరించుకుంది. వైరస్‌ ఎక్కువగా వ్యాపిస్తున్న ప్రాంతాల్లో టీకా వేయించుకున్నవారు కూడా నాలుగు గోడల మధ్య మాస్కు పెట్టుకోవాలని చెప్పింది. ఆ నెలలోనే మసాచుసెట్స్‌ రాష్ట్రంలోని ప్రావిన్స్‌టౌన్‌ అనే సముద్రతీర పట్టణంలో వేడుకలకు జనం పోగయ్యారు. ఆ తర్వాత ఆ రాష్ట్రవాసుల్లో 469 మందికి కొవిడ్‌ సోకినట్టు తేలింది. వారిలో 346 మంది పూర్తిగా టీకా తీసుకున్నవారే. దీన్ని చూసి టీకా దండగ అనుకుంటే పొరపాటు. ఆ రాష్ట్రంలో అర్హులైనవారిలో 69 శాతం మంది అప్పటికే టీకా పూర్తిగా తీసుకున్నారు. కాబట్టి సోకినవారిలోనూ వారే ఎక్కువ కనిపించారు. ఆ నివేదిక వచ్చేనాటికి ఆసుపత్రిలో చేరింది ఐదుగురే. ఒక్కరూ చనిపోలేదు. టీకా ప్రాణం కాపాడుతుంది, కానీ వ్యాప్తిని పూర్తిగా ఆపదు. డెల్టా రకం వచ్చాక మనకు తెలిసింది ఇదే.

మన దేశంలో 2021 జూన్‌, జులై నెలల్లో ఐసీఎంఆర్‌ జరిపిన సర్వేలో ఆరేళ్లు పైబడినవారిలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నట్టు తేలింది. అంటే అప్పటికి ప్రతి ముగ్గురిలో ఒకరికి లేవు. దేశం మొత్తం మీద సుమారు 40 కోట్ల మంది! వారు ఎక్కడో లేరు. పద్దెనిమిదేళ్లు నిండని మీ పిల్లలకు అప్పటికి ఇంకా టీకా అందలేదు. కొవిషీల్డ్‌ రెండో డోసుకు అప్పట్లో 12 నుంచి 16 వారాలు ఆగాల్సి వచ్చేది కాబట్టి ఇంట్లో ఒక డోసుతోనే ఉన్నవారు ఉండేవారు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిలో, డయాలసిస్‌ మీద ఉన్నవారిలో, క్యాన్సర్‌ చికిత్స తీసుకుంటున్నవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో టీకా వేసినా రక్షణ పూర్తిగా రాకపోవచ్చు. బాగా వయసు పైబడినవారి సంగతీ అంతే.

మనం ఎక్కడ తీసేస్తున్నాం?

ఒక్కసారి గమనించండి. బండి మీద ఒంటరిగా వెళ్లేటప్పుడు మాస్కు ఉండేది. పోలీసులు ఆపుతారని భయం. తెలంగాణలో 2021లో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉండేది. అదే మనిషి ఫంక్షన్‌ హాల్లోకి అడుగుపెట్టగానే మాస్కు జేబులోకి వెళ్లిపోయేది. ఏసీ హాలు, తలుపులు మూసి ఉంటాయి, వందలమంది బంధువులు. సన్నాయి, డోలు మోతలో చెవి దగ్గరకొచ్చి గట్టిగా మాట్లాడుకోవడాలు. ఫొటో కోసం ఒకరినొకరు ఆనుకుని నిలబడటాలు. జరిమానా అంతా ఖాళీ రోడ్డు మీద, జబ్బు అంతా హాల్లో. నిబంధన పెట్టినవారూ, పాటించేవారూ ఆలోచించాల్సిన విషయమిది.

పరాయివాళ్లను చూస్తే మాస్కు గుర్తొస్తుంది. అయినవాళ్లను చూస్తే తీయాలనిపిస్తుంది. మొహం కప్పుకుని మాట్లాడితే ఏమనుకుంటారో అని మొహమాటం. పనిమనిషి ఇంట్లోకి వస్తే ‘మాస్కు పెట్టుకో’ అంటాం, మనం మాత్రం పెట్టుకోం. ఆమెకు మన నుంచి సోకదా? వైరస్‌కు చుట్టరికాలు తెలియవు. దానికి కావాల్సింది మూసిన గది, దగ్గరగా మనుషులు, ఎక్కువసేపు మాటలు. ఇవన్నీ మనకు దొరికేది అయినవాళ్ల మధ్యే.

గాలి ద్వారా ఇది ఎలా పాకుతుందో తెలియాలంటే అగరుబత్తి వెలిగించి చూడండి. డాబా మీద వెలిగిస్తే పొగ క్షణాల్లో చెదిరిపోతుంది. తలుపులు మూసిన పూజగదిలో వెలిగిస్తే, బత్తి ఆరిపోయాక కూడా ఆ వాసన అలాగే ఉంటుంది. మన నోటి నుంచి వచ్చే సూక్ష్మ తుంపరలూ అంతే. మాస్కు ఎక్కడ అవసరమో తేల్చుకోవడానికి ఈ ఒక్క పోలిక చాలు.

ఏ మాస్కు మంచిది?

గుడ్డ మాస్కు: దగ్గరగా నేసిన నూలు గుడ్డతో మూడు పొరలు ఉండాలి. లైటుకు ఎదురుగా పట్టుకుంటే వెలుగు ధారాళంగా కనిపిస్తోందంటే అది పనికిరాదు. చీర అంచుకు సరిపోయేలా కుట్టించుకున్న ఒంటి పొర మాస్కు అందానికే తప్ప రక్షణకు కాదు. ఆరుబయట, జనం లేనిచోట మంచి గుడ్డ మాస్కు చాలు. రోజూ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి.

సర్జికల్‌ మాస్కు: మూడు పొరలు, ముక్కు దగ్గర వంచేందుకు తీగ ఉండాలి. రంగు వైపు బయటికి రావాలి. ఇది ఒక్కరోజు మాస్కు. తడిస్తే ఇంకా ముందే మార్చాలి. ఉతికి వాడకూడదు.

ఎన్‌95: ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఇంట్లో కొవిడ్‌ రోగిని చూసుకునేటప్పుడు, రద్దీగా ఉండే బస్సు, రైలు, హాలులో ఇదే మేలు. 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలన్నది దీని ప్రమాణం. మన దగ్గర తయారైన ఇదే తరహా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కుల మీద ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్‌ 9473 అనే సంఖ్య ఉన్నాయేమో చూడండి. కవాటం ఉన్నది కొనకండి. అందులోంచి మనం వదిలే గాలి వడపోత లేకుండా ఎదుటివారి మీదకు పోతుంది. అలాంటివి వద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జులైలోనే రాష్ట్రాలకు చెప్పింది. ఎన్‌95ను ఉతికినా, శానిటైజర్‌ చల్లినా కణాలను పట్టి ఉంచే విద్యుదావేశం పోతుంది. నాలుగైదు కొనుక్కుని, వాడినదాన్ని కాగితం కవరులో ఆరబెడుతూ, రోజుకొకటి చొప్పున మార్చి వాడుకోవచ్చు. మురికిపట్టినా, తడిసినా, తాళ్లు సాగినా పారేయాలి.

ఖరీదు కన్నా అమరిక ముఖ్యం

ఎంత మంచి మాస్కయినా పక్కల సందులుంటే గాలి అక్కడి నుంచే వెళుతుంది. సీడీసీ ప్రయోగశాలలో కృత్రిమ దగ్గుతో పరీక్షించినప్పుడు, వదులుగా పెట్టిన సర్జికల్‌ మాస్కు 56 శాతం కణాలను, గుడ్డ మాస్కు 51 శాతాన్ని ఆపాయి. సర్జికల్‌ మాస్కు మీద గుడ్డ మాస్కు పెడితే 85 శాతం ఆగాయి. సర్జికల్‌ మాస్కు తాళ్లను అంచు దగ్గర ముడివేసి, పక్కన మిగిలే మడతలను లోపలికి దోపితే ఆ ఒక్కటే 77 శాతాన్ని ఆపింది. ఒక ముడి చేసిన తేడా ఇది! ఎన్‌95 మీద మాత్రం ఇంకోటి అక్కర్లేదు. రెండు సర్జికల్‌ మాస్కులు కలిపి పెట్టుకున్నా సందులు పోవు.

కళ్లద్దాలకు ఆవిరి పడుతోందంటే పైన సందు ఉన్నట్టే. తీగను ముక్కు మీద నొక్కండి. మాస్కు అంచుల చుట్టూ చేయి పెట్టి గట్టిగా ఊదండి, గాలి తగిలితే సరిచేసుకోండి. గుబురు గడ్డం ఉన్నవారికి ఎన్‌95 కూడా సరిగా అమరదు. ఫోన్‌ రాగానే గడ్డం కిందికి లాగి మాట్లాడటం చాలామందికి అలవాటు. మాట్లాడేటప్పుడే కదా తుంపరలు ఎక్కువగా వచ్చేది!

మాస్కుతో ఆక్సిజన్‌ తగ్గిపోతుందన్నది అపోహ. సర్జన్లు గంటల తరబడి మాస్కుతోనే ఆపరేషన్లు చేస్తారు. ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఏది వాడాలో తమ డాక్టర్‌ను అడగాలి. ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు అక్కర్లేదు. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలు పెద్దల పర్యవేక్షణలో పెట్టుకోవచ్చు. బడికి పంపేటప్పుడు సంచిలో శుభ్రమైన మాస్కు ఇంకొకటి పెట్టండి. వాడిన మాస్కును కత్తిరించి, కాగితం కవరులో 72 గంటలు ఉంచి చెత్తలో వేయండి.

పెళ్లికి వెళ్లకుండా ఉండమనడం లేదు

వెళ్లండి. అక్షింతలు వేయండి. హాల్లో ఉన్నంతసేపూ మాస్కు ఉంచుకోండి. ఫొటో తీస్తున్నా సరే. భోజనానికి తీయక తప్పదు కాబట్టి రద్దీ తగ్గాక, వీలైతే ఆరుబయట తినండి. తినడం అవగానే మాస్కు పెట్టుకుని తర్వాత కబుర్లు చెప్పుకోండి. పెళ్లి చేసేవారైతే ఏసీ హాలు కన్నా గాలి ఆడే ఆవరణ చూడండి. ఇంటికొచ్చాక గొంతు గరగరలాడినా, జలుబు చేసినా ‘టీకా వేసుకున్నాగా’ అని కొట్టిపారేయకండి. ఆ రోజే పరీక్ష చేయించుకోండి. ఫలితం వచ్చేదాకా ఇంట్లోనూ మాస్కుతో, వేరే గదిలో ఉండండి. నేను అలా చేసి ఉంటే మా అమ్మకు ఆ తొమ్మిది రోజులు తప్పేవేమో.

ఇప్పుడు మా డాక్టర్ల గదిలో ఏసీ ఆపేశాం. కిటికీ తెరిచే ఉంటుంది. వరండాలో ఇద్దరిద్దరం వంతులవారీగా తింటున్నాం. కూరలు పంచుకోవడం తగ్గింది, కొంచెం వెలితిగానే ఉంది. అమ్మకు రెండో డోసు కూడా వేయించాను. అయినా బయటి నుంచి వచ్చినప్పుడు ఆమె గదిలోకి మాస్కు లేకుండా వెళ్లను. మొదట్లో ‘నా దగ్గర కూడా ఏంట్రా’ అని విసుక్కునేది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఈ వారం ఏ శుభకార్యానికో బయల్దేరేముందు, మీ ఇంట్లో రక్షణ అందనివారు ఎవరెవరున్నారో ఒకసారి లెక్కేసుకోండి. టీకా అందని పాపాయి, ఒక డోసే అయిన మామ్మ, మందులు వాడుతున్న బాబాయి. మీ రెండు డోసులు మీ కోసం. జేబులోకి వెళ్లబోతున్న ఆ మాస్కు వాళ్ల కోసం.