కిస్తీ కట్టేది మనం, లెక్క చెప్పేది వాళ్లు

వంటిమామిడి కూరగాయల మార్కెట్ కాడ పొద్దుమీకినంక బండ్లోళ్లు ఏం ముచ్చట పెట్టుకుంటరో ఎన్నడన్న విన్నరా? లోడు నిండేదాక పని ఉండదు. బోయిన్‌పల్లికి పోయేది అర్ధరాత్రి దాటినంకనే. అప్పటిదాక చాయ్ బండి కాడ నిలవడి మాట్లాడేది ఒక్కటే ముచ్చట. ఎవ్వడు కొత్త బండి తెచ్చిండు, ఎంత డౌన్ పేమెంట్ కట్టిండు, కిస్తీ ఎంత పడ్డది. సినిమా ముచ్చట గూడ మధ్యలనే ఆగిపోతది గని కిస్తీల ముచ్చట ఆగదు.

మొన్న నేను గూడ ఆడనే ఉన్న. మా వాడకట్టు తమ్ముడొకడు, ఇరవై ఆరేండ్లుంటయి, ఐదేండ్ల సంది వేరేటోళ్ల బండి మీద డ్రైవర్. ఇగ సొంత బండి తీసుకుంటున్న అన్న, రేపు షోరూంకు పోతున్న అన్నడు. మొకం మీద సంబురం కనవడ్డది. "మిత్తెంతరా?" అంటే "తొమ్మిదే అన్న, మస్తు తక్కువ" అన్నడు. "కిస్తీ ఎంత?" అంటే "పదిహేడు వేలు, నలభై ఎనిమిది నెలలు" అన్నడు. లోను ఆరు లక్షలు.

చాయ్ తాగుకుంటనే ఫోన్ల లెక్క చేసిన. ఆరు లక్షలకు ఏడాదికి తొమ్మిది శాతం అంటే 54,000. నాలుగేండ్లకు 2,16,000. అసలు, మిత్తి కలిపితే 8,16,000. దాన్ని 48తోటి భాగిస్తే సరిగ్గ 17,000. ఏజెంటు అబద్ధం చెప్పలే. గని నిజం గూడ చెప్పలే.

ఎందుకంటరా? నువ్వు నెల నెలా అసలు కట్టుకుంటనే పోతున్నవ్. రెండేండ్లు గడిచేసరికి సగానికి దగ్గర తీర్చినవ్. అయినా నీ మీద మిత్తి పడుతున్నది ఇంకా మొత్తం ఆరు లక్షల మీదనే. దీన్నే ఫ్లాట్ రేటు అంటరు. మిగిలిన అసలు మీదనే మిత్తి లెక్క కడితే, గదే తొమ్మిది శాతానికి కిస్తీ 14,930 దగ్గర పడాలె. 17,000 కడుతున్నవంటే నీ అసలైన మిత్తి తొమ్మిది కాదు, దగ్గర దగ్గర పదహారు. నెలకు రెండు వేల పైచిలుకు తేడా. నాలుగేండ్లకు 99 వేలు.

ఇండ్ల ఇంకోటున్నది. ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ ఛార్జీ, లోన్ ఇన్సూరెన్స్ అని ఒక 18 వేలు ముందుగాలనే కోసుకుంటే నీ చేతికొచ్చేది 5,82,000. కిస్తీ మాత్రం ఆరు లక్షలకే. అప్పుడు మిత్తి పదిహేడున్నర దాటుతది. ఊర్ల షావుకారి నూటికి రూపాయిన్నర మిత్తి అంటే వానిది పాపపు పైస అని తిడతం. ఏడాదికి లెక్క కడితే గది పద్దెనిమిది శాతం. ఏసీ షోరూంల టై కట్టుకున్నాయన దాదాపు గంతే తీసుకుంటడు, మనం థ్యాంక్స్ చెప్పి సెల్ఫీ దిగి వస్తం. బానెట్ మీద కొబ్బరికాయ గూడ కొడతం.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకు తీసిన్నంటే, పోయినేడాది సెప్టెంబర్ 22 నుంచి బండ్ల మీద జీఎస్టీ తగ్గింది. సామాన్ల బండ్లు, మూడు చక్రాల ఆటోల మీద 28 నుంచి 18కి వచ్చింది. ట్రాక్టర్ల మీద 12 నుంచి 5కు వచ్చింది. మంచిదే, కాదనను. 2025 దసరాకు షోరూంల ముంగట జాతర అయింది. పన్ను పడకముందు ఆరు లక్షలుండే చిన్న బండి, 28 శాతం తోటి 7,68,000 అయ్యేది. ఇప్పుడు 7,08,000. అంటే 60 వేలు మిగిలినయి. పేపర్ల నిండ పెద్ద పెద్ద అడ్వర్టైజ్‌మెంట్లు వచ్చినయి. గని పన్నుల మిగిలిన 60 వేల కంటె ఫ్లాట్ రేటు మాయల పోయిన 99 వేలు పెద్దయి కదా? గా 99 వేల మీద ఒక్క అడ్వర్టైజ్‌మెంట్ రాలే. సర్కారు వదులుకున్న పైసలు మన జేబుల పడకముందే ఇంకొకల జేబుల పడ్డయి. బండ్ల అమ్మకాలు పెరిగినయని సంబురపడే టీవీలోళ్లు గీ లెక్క చెయ్యరు. ఎన్ని బండ్లు అమ్ముడువోయినయో చెప్తరు, ఎన్ని బండ్లు గుంజుకపోయిండ్రో చెప్పరు.

గుంజుకపోవుడు ఎట్లుంటదో నాకు ఎరుకే. 2012ల నేను ప్యాసింజర్ ఆటో తీసుకున్న. ప్రైవేటు ఫైనాన్స్, 36 నెలల కిస్తీలు. పంతొమ్మిది కట్టిన. నాయినకు పానం బాగలేక రెండు నెలలు కట్టలేకపోయిన. మూడో నెల మొదటి వారంల, పెట్రోల్ బంక్ కాడ ముగ్గురొచ్చిండ్రు. ఒకడు తాళం గుంజుకున్నడు, ఒకడు సీట్ల కూసున్నడు, మూడోటోడు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నడు. అది ఇంగ్లిష్‌ల ఉన్నది. "నేనే ఇష్టపూర్తిగా బండి అప్పజెప్పిన" అని దాంట్ల రాసుందని ఎన్కసిరి తెలిసింది. ఆటోల అమ్మ మందుల సంచి ఉండె, అది గూడ ఇయ్యలే. నాలుగు నెలలకు ఇంటికి చిట్టీ వచ్చింది. బండి వేలం పోయిందట, ఇంకా 41,000 బాకీ ఉన్ననట. షూరిటీ పెట్టిన మా మేనమామకు గూడ గసొంటి చిట్టీనే పోయింది. ఆయన తన బర్రెను అమ్మి ఆ పైసలు కట్టిండు. అటెన్క ఆరేండ్లు మా ఇంటి గడప తొక్కలే. మా చెల్లె పెండ్లికి గూడ రాలే. ఫైనాన్స్ అంటే నాకు ముందుగాల యాదికొచ్చేది గదే.

అప్పుడు నాకు తెల్వనియి ఇప్పుడు కొన్ని తెలుసు. మీకు గూడ తెల్వాలె.

2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటి నడుస్తున్నది. మామూలు మనుషులకు, చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఏ కిస్తీల లోనైనా సరే, బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా, సంతకానికి ముందుగాలనే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇయ్యాలె. అండ్ల ఏపీఆర్ అని ఒక అంకె ఉంటది. మిత్తి, ఫీజులు, ఇన్సూరెన్స్ అన్ని కలిపినంక ఏడాదికి నీ మీద అసలు పడే శాతం గది. ఏజెంటు నోటితోటి చెప్పే తొమ్మిది అండ్ల ఉండదు, పదహారో పదిహేడో ఉంటది. ఆ కాగితం నీకు సమజయ్యే భాషల ఇయ్యాలె, అండ్ల ఉన్నది నీకు విప్పి చెప్పాలె. అండ్ల రాయని ఛార్జీ ఏదైనా నువ్వు ఒప్పుకోకుండ తర్వాత వసూలు చెయ్యొద్దు. కాగితం ఇచ్చినంక ఆలోచించుకోనీకి కనీసం మూడు పనిదినాలు టైమియ్యాలె.

ఇంత మంచి నియమం ఉంటే మరి మోసమెందుకు జరుగుతున్నది? ఆ కాగితం అడిగేటోడు లేడు గనుక. షోరూంల కూసున్నంక నీ ఫోనుకు ఓటీపీ వస్తది, "చెప్పు తమ్మీ" అంటడు, నువ్వు చెప్తవ్. గంతే, సంతకం అయిపాయె. గా ఓటీపీ ఎన్క పద్నాలుగు పేజీల ఇంగ్లిష్ ఉంటది. వేలిముద్ర కాలంల మన తాతలు తెల్లకాగితం మీద ముద్రేసిండ్రని నవ్వుతం కదా, ఆరు అంకెల ఓటీపీ గదే వేలిముద్ర.

కిస్తీ తప్పితే ఏసే జరిమానా మీద గూడ 2024 ఏప్రిల్ నుంచి నియమం మారింది. పెనాల్టీ మీద మళ్ల మిత్తి ఎయ్యొద్దు. వసూలు చేసేటోళ్లు పొద్దుగాల ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటినంక ఫోన్ చెయ్యొద్దు. బండి తీస్కపోయే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తరో, అమ్మే ముందు కట్టుకోనీకి ఆఖరి మోక ఎట్లిస్తరో అగ్రిమెంట్ల రాసి ఉండాలె, ఆ అగ్రిమెంట్ కాపీ నీకియ్యాలె. రౌడీలను పెట్టి బండ్లు గుంజుకునుడు తప్పని సుప్రీంకోర్టు 2007లనే అన్నది. అయితే ఒక మాట నిజం చెప్పాలె. కిస్తీ కట్టకపోతే అగ్రిమెంట్ ప్రకారం బండి తీసుకునే హక్కు కంపెనీకి ఉన్నది, కోర్టులు గూడ దాన్ని ఒప్పుకున్నయి. యూట్యూబ్ల "కిస్తీ కట్టకున్నా బండి ముట్టుకోలేరు" అని చెప్పేటోళ్ల మాట పట్టుకొని ఆగం కావద్దు. హక్కు వాళ్లకున్నది, దానికో పద్ధతి గూడ ఉన్నది. ఆ పద్ధతి తప్పిండ్రంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగ ఫిర్యాదు పెట్టాలె. ముప్పై దినాలల్ల జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. దానికి పైస ఖర్చు లేదు, వకీలు గూడ అక్కర లేదు. 14448కు ఫోన్ చేస్తే దారి చెప్తరు.

ముందే అంతా కట్టి తప్పించుకుందామంటే అదొక తంటా. 2026 జనవరి నుంచి ఇచ్చే లోన్ల మీద ముందే కడితే జరిమానా వద్దని రిజర్వు బ్యాంకు అన్నది గని, అది ఫ్లోటింగ్ రేటు అప్పులకు. మన బండ్ల లోన్లు మస్తుమటుకు ఫిక్స్‌డ్. అంటే ఉపాయం చేసి పైసలు జమచేసినోడు గూడ జరిమానా కట్టాల్సిందే.

ఇగ అసలు గుట్టు కమిషన్ల ఉన్నది. షోరూంల కూసున్న ఫైనాన్స్ ఏజెంటు నీ తరఫున మాట్లాడుతున్నడు అనుకుంటవ్. "నీ కోసం మేనేజర్ తోటి కొట్లాడి తగ్గించిన అన్న" అంటడు. ఆయనకు పైసలొచ్చేది నీ దగ్గర నుంచి కాదు, లోనిచ్చే కంపెనీ నుంచి. నీకిచ్చే కోటేషన్ కాగితం మీద బంపర్‌కు ఎంత, సీట్ కవర్లకు ఎంత అని రాస్తరు గని ఆ కమిషన్ గీత యాడ కనవడదు.

ఇది మన ఒక్కల రోగం కాదు. ఇంగ్లండ్ల గూడ గిదే ముచ్చట. ఆడ కారు ఎన్క చిన్న ఇల్లసొంటి బండి కట్టుకొని సెలవులకు ఊర్లు తిరిగెటోళ్లుంటరు, కారవాన్ అంటరు దాన్ని. వాళ్లు కలిసినా కొత్త బండి, దాని ఫైనాన్సే మాట్లాడుకుంటరు. ఆడ కారు లోన్లల్ల ఒక పద్ధతి నడిచింది. మిత్తి రేటు డీలర్ ఇష్టం, రేటు ఎంత పెంచితే డీలర్‌కు అంత కమిషన్. కొనేటోనికి ఆ సంగతి తెల్వదు. 2021 జనవరిల ఆడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ దాన్ని బంద్ చేసింది. 2025 ఆగస్టు 1న వాళ్ల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డీలర్ నీ మేలు చూడాల్సిన మనిషి అన్న వాదనను ఒప్పుకోలే. గని ఒక సెకండ్ హ్యాండ్ కారు కేసుల, లోన్ మీద పడ్డ మొత్తం ఖర్చుల 55 శాతమంత కమిషన్ దాచిపెట్టి ఇచ్చుకున్నరని చూసి ఇది అన్యాయమే అన్నది. ఆ అక్టోబర్ల ఎఫ్‌సీఏ నష్టపరిహారం స్కీము ప్రతిపాదించింది. 2007 నుంచి 2024 దాక లెక్కేస్తే కోటీ నలభై లక్షల అగ్రిమెంట్లు దాని కిందికొస్తయని, ఒక్కో అగ్రిమెంట్‌కు సగటున 700 పౌండ్లు రావచ్చని అంచనా కట్టింది. మన పోరగాండ్లు మస్తుమంది ఆడ సదువుకుంట, పనిచేసుకుంట కిస్తీల మీద కార్లు కొన్నరు. మీ అన్ననో అక్కనో అట్ల కొనుంటే చెప్పుండ్రి, పాత కాగితాలు తీసి చూసుకోమనుండ్రి.

ఆడ పదిహేడేండ్ల లెక్కలు తవ్వితీస్తున్నరు. మన దగ్గర పోయిన నెల లెక్క అడిగితేనే "సిస్టంల చూపిస్తలే" అంటరు. తేడా ఎందుకొచ్చింది? ఆడ మనుషులు తెలివైనోళ్లని కాదు. ఆడ ఒక్కొక్కడు ఫిర్యాదు పెట్టిండు, లక్షల మంది పెట్టిండ్రు. మన కాడ బండి పోతే సిగ్గుతోటి ఇంట్ల కూసుంటం. బండి పోయినోడు అడ్డాకు రాడు, ఆయన ముచ్చట ఎవ్వలు తియ్యరు. నేను గూడ గంతే చేసిన, ఎనిమిది నెలలు అడ్డా దిక్కు చూడలే.

ఇంకో దిక్కు చూస్తే ఆటోలోళ్ల కథ ఉన్నది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. మా అక్కచెల్లెండ్లకు అది అక్కరకొచ్చింది, నేను దాన్ని తప్పుపట్టను. గని అప్పటికే ఆటో మీద కిస్తీ కట్టేటోని గిరాకీ సగం పడిపోయింది, కిస్తీ మాత్రం రూపాయి తగ్గలే. మా అడ్డాల నలుగురు ఆటోలు అమ్ముకొని సామాన్ల బండ్లకు మళ్లిండ్రు. అందరూ గిటే మళ్లితే ఏమైతది? కిరాయి పడిపోతది. మా తమ్ముడే చెప్పిండు, దినాం ఒక ట్రిప్పు కొడితే డీజిల్, ఖర్చులు పోంగ వెయ్యి దగ్గర మిగులుతదట. నెలకు ఇరవై నాలుగు దినాలు తిరిగితే ఇరవై నాలుగు వేలు. కిస్తీ పదిహేడు పోతే ఏడు వేలు. టైర్లు, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ దాంట్లకెల్లే. ఐదేండ్ల సంది డ్రైవర్‌గ ఆయన తెచ్చుకునే జీతం దానికంటే ఎక్కువ. ఓనర్ అనిపించుకోనీకి నాలుగేండ్లు తక్కువ జీతానికి ఫైనాన్సోని కాడ పనిచేసినట్టే కదా?

గీ మాటంటే తమ్మునికి కోపమొచ్చింది. "గట్లయితే మేం ఎన్నడు బండి కొనద్దా అన్న?" అన్నడు. కొనాలెరా. బ్యాంకుల ముద్ర లోన్ కింద పది లక్షల దాక షూరిటీ లేకుంటనే సామాన్ల బండికి గూడ ఇయ్యొచ్చు. మేనేజర్లు తిప్పుతరు, నిజమే. షోరూంల రెండు గంటల్ల అయ్యే పనికి బ్యాంకుల నెల పడ్తది. ఆ నెల ఓపిక ధర 99 వేలు అని మాత్రం చెప్పిన.

తెల్లారి షోరూంకు పోయిండు. నేను చెప్పినట్టు ఓటీపీ చెప్పకుంట, "ముందుగాల ఏపీఆర్ ఉన్న కాగితం తెలుగుల ఇయ్యి" అన్నడట. ఏజెంటు ముందు నవ్విండట, తర్వాత ఎవ్వలు చెప్పిండ్రని అడిగిండట, ఆఖరికి పైకి ఫోన్ చేసిండట. సాయంత్రానికి వాట్సాప్ల వచ్చింది. ఇంగ్లిష్‌లనే. మూడో పేజీల ఉన్నది అంకె, 17.7. నాకు స్క్రీన్‌షాట్ పంపి కింద ఒక్కటే మాట రాసిండు, "అన్న, సోమవారం బ్యాంకుకు పోదాం, నువ్వు గూడ రా" అని.