మిషన్ స్టాండు మీద కడప బండ

సీరియళ్లలో డబ్బున్నవాళ్ల వంటిల్లు చూపిస్తే నట్టనడుమ ఓ పెద్ద గట్టు ఉంటుంది. చుట్టూ ఎత్తు స్టూళ్లు, పైన వేలాడే దీపాలు. గోడకు ఆనకుండా దీవిలా విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని 'ఐలాండ్' అంటారు. హైదరాబాద్‌లో మా ఆడపడుచు ఫ్లాటులో దాన్ని చూసొచ్చిన దగ్గర్నుంచీ మావారికి ఒకటే ధ్యాస, మనమూ ఒకటి కట్టిద్దామని. తిరువూరులో మాది పాతకాలపు డాబా. వంటగది ఎనిమిదడుగులకు తొమ్మిది. నాకు నవ్వొచ్చింది.

సరే, టేపు తీసి కొలిచాం. గోడవారన ఉన్న గట్టుకు రెండడుగులు పోగా మిగిలింది ఆరు. మధ్యలో రెండడుగుల దీవి వస్తే అటూ ఇటూ రెండేసి అడుగులే. వంగి అర తెరవాలన్నా, వేడి గిన్నెతో పక్కకు తిరగాలన్నా కనీసం మూడడుగులు కావాలి కదా! కట్టడం మాట అక్కడితో ఆగింది.

అవసరం మాత్రం ఆగలేదు. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగాయి, కింద కూర్చోవద్దన్నారు డాక్టరు. ఆవిడకు కత్తిపీట లేనిదే కూర తరగడం రాదు. గట్టు దగ్గర నిలబడి చాకుతో తరిగితే పది నిమిషాలకే నడుము పట్టేసేది. "నన్ను వంటింట్లోంచి కూడా రిటైర్ చేస్తున్నారా అమ్మాయ్?" అన్నారోసారి. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట ఓ దుకాణంలో చక్రాల బల్ల కొన్నాం. పైకి నునుపుగా ఉన్నా లోపలంతా రంపపు పొట్టు నొక్కిన బోర్డు. తడిగుడ్డతో తుడిచీ తుడిచీ ఆర్నెల్లకే అంచులు పూరీల్లా పొంగాయి. చెక్కే కావాలనుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడిగి తీసుకోండి. ఖరీదెక్కువే, కానీ నీళ్లకు తట్టుకుంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది, అటక మీది కుట్టు మిషన్ స్టాండు. మావారి చిన్నప్పటి చొక్కాలన్నీ అత్తయ్యగారు దాని మీద కుట్టినవే. తొక్కుడు పలక, చక్రం తీయించి, పైన చెక్క ఫ్రేము బిగించి, దాని మీద పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ముప్ఫై అంగుళాల పొడవున్న కడప బండ పరిచాం. బండల కొట్లో మిగిలిన ముక్కే. బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది కాబట్టి బల్ల ఊగదు. కాళ్లకు చక్రాలు వేయించాం, రెండింటికి బ్రేకు ఉండాల్సిందే. మొత్తం ఖర్చు మూడు వేలు దాటలేదు. ఎత్తు ముప్ఫై అంగుళాలు, స్టూలు మీద కూర్చున్నవాళ్లకు సరిపోతుంది. నిలబడి పనిచేసేవాళ్లైతే మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి వచ్చేలా చూసుకోవాలి. కత్తిపీటను కాలితో తొక్కిపట్టే వీలు లేదు కాబట్టి మడత రకం కొని బల్లకు క్లాంపుతో బిగించాం. పనవగానే మడిచేసి, బల్లను ఫ్రిజ్ పక్కకు తోసేస్తాం.

పొయ్యిని మాత్రం ఇలాంటి బల్ల మీదికి ఎక్కించకండి. బల్ల కదిలితే గ్యాస్ గొట్టం లాగేసుకుంటుంది.

కూర్చుని వంటపని చేసుకోవడం బద్ధకమేమీ కాదు లెండి. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాన్యుల ఇళ్ల కోసం మార్గరెట్ షూట్-లిహోట్‌స్కీ అనే ఆవిడ వంటగది గీశారు. వెడల్పు ఆరడుగుల పైచిలుకు, పొడవు పదకొండు. రైలు భోజనాల పెట్టెలోని వంటగదిని చూసి నేర్చుకున్నారట. అందులోనూ కిటికీ దగ్గర బల్ల, దాని ముందు తిరిగే స్టూలు ఉన్నాయి.

ఈ వేసవిలో మాగాయ ముక్కలు మొత్తం అత్తయ్యగారే తరిగారు, ఎదురుగా కూర్చున్న మనవరాలితో ఎక్కాలు చెప్పిస్తూ. ఆవకాయకు మాత్రం కాయలు బజార్లోనే కొట్టించాం, బండ పగులుతుందని నా భయం. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు పడితే తెల్లబడుతుంది. కింద పళ్లెం పెట్టుకోమని చెబుతూనే ఉన్నాను. వింటేగా! నడిమధ్యన అరచేయంత మచ్చ పడింది. "పోన్లే అమ్మాయ్, నా చోటు గుర్తుంటుంది" అన్నారావిడ.